కిటికీ ఎవరు తీశారు?

'ట్వైలైట్' సినిమాలో ఒక బయాలజీ క్లాసు ఉంది. కొత్తగా చేరిన బెల్లా లోపలికి వచ్చి ఫ్యాను ముందు నుంచి నడుస్తుంది. గాలికి జుట్టు లేస్తుంది. ఆమె వాసన తగలగానే బల్ల దగ్గర కూర్చున్న వాంపైర్ ఎడ్వర్డ్ ముక్కూ నోరూ మూసుకుంటాడు. అతని వెనక ల్యాబులో రెక్కలు విప్పి నిలబెట్టిన తెల్ల గుడ్లగూబ ఒకటి ఉంటుంది. ఆ రెక్కలు సరిగ్గా అతని భుజాలకు మొలిచినట్టు కనపడతాయి. కొన్నాళ్లకు అదే బల్ల దగ్గర ఇద్దరూ ఉల్లి వేరు కొన స్లైడు చూస్తారు. ఆమె ప్రొఫేజ్ అంటుంది, అతను నేనూ చూస్తానంటాడు. తర్వాతి స్లైడు అతను అనాఫేజ్ అంటాడు, ఈసారి సరిచూడటం ఆమె వంతు.

వరంగల్‌లో ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పేదాన్ని కాబట్టి ఈ సీను నాకు బాగా తెలిసినది. ఒకే మైక్రోస్కోపుకు ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టినప్పుడు వాళ్ల మధ్య ఏం నడుస్తుందో బల్లల మధ్య తిరిగే టీచరుకు తెలుస్తుంది. చేయి తగలకుండా సర్దుకోవడం, జవాబు తెలిసినా ఆగడం, స్లైడు వంక పెట్టుకుని పక్కకు చూడటం. దర్శకురాలు క్యాథరిన్ హార్డ్‌విక్ ఇదంతా పట్టుకుంది. పదిహేడేళ్ల పిల్లకు ఒక మనిషి మీద మనసు పడితే అది ముందు చూపులో, ఊపిరిలో, చేతుల కంగారులో కనపడుతుంది. హాలీవుడ్ సినిమాల్లో దీన్ని ఇంత శ్రద్ధగా చూసినవాళ్లు తక్కువ.

ఈ సినిమా మీద మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది వెక్కిరించడానికే మాట్లాడతారు. ఎండలో మెరిసే వాంపైర్, పెదవి కొరుక్కునే హీరోయిన్, తాళ్లు కట్టి లాగినట్టు చెట్లెక్కడం. ఈ సినిమాల వరుసలో చివరి భాగానికి 2013లో చెత్త సినిమాలకిచ్చే ర్యాజీ అవార్డులు కుప్పగా పోశారు. ఆ నవ్వంతా ఎవరి మీద పడిందో చూడండి. ఈ సినిమాకు మూలమైన పుస్తకాన్ని రికార్డుల మధ్య దాచుకుని, రెండు చేతుల్లో ఎర్ర యాపిల్ ఉన్న ఆ నల్ల అట్ట నలిగిపోయేదాకా హాస్టల్లో చేతులు మార్చుకున్న ఆడపిల్లల మీద. మన దగ్గరా ఇది పాతకథే. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' సీరియల్‌లో హీరో రాజశేఖరం కోసం ఒక తరం ఆడవాళ్లు పత్రిక ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశారు. 1976లో దాన్ని అక్కినేనితో సినిమాగా తీసి డబ్బు చేసుకున్నారు. చదివిన ఆడవాళ్లకు మాత్రం పగటికలల మనుషులని పేరొచ్చింది. మగపిల్లాడు ఒక్కడే యాభై మందిని కొట్టే సినిమా చూస్తే అతని కలలను ఎవరూ ఇలా లెక్కకట్టరు.

కాబట్టి ముందు ఈ సినిమా ఏం ఇచ్చిందో చెప్పాలి. స్టెఫనీ మేయర్ నవల 2005లో వచ్చింది. ఒక కలలో అడవి మధ్య పచ్చిక బయల్లో ఒక మామూలు అమ్మాయి, మెరిసే వాంపైర్ కనిపించారని, అక్కడి నుంచే కథ మొదలైందని ఆమె చెప్పుకుంది. సినిమా 2008 నవంబరులో విడుదలైంది. 3.7 కోట్ల డాలర్లతో తీశారు, హాలీవుడ్ లెక్కలో చిన్న సినిమానే. ప్రపంచమంతా కలిపి దాదాపు 40 కోట్ల డాలర్లు వచ్చాయి. అప్పటివరకు ఒక మహిళ తీసిన సినిమాకు మొదటి వారాంతంలో అంత వసూలు ఎన్నడూ లేదు. అయినా తర్వాతి నాలుగు భాగాలకూ మగ దర్శకులే వచ్చారు. గ్రాఫిక్స్ బాగుపడ్డాయి. మొదటి సినిమాలో ఉన్న తడి, కుదురులేని కెమెరా, నీలం పచ్చ కలిసిన ఆ మబ్బు వెలుతురు మళ్లీ దొరకలేదు.

క్యాంటీన్ సీను గుర్తు చేసుకోండి. ఎడ్వర్డ్ వాళ్ల కల్లెన్ కుటుంబం పిల్లలు జంటలుగా లోపలికి వస్తుంటే బెల్లా పక్కన కూర్చున్న స్నేహితురాలు జెస్సికా వాళ్ల చరిత్రంతా గుసగుసగా చెబుతుంది. అందరికంటే చివర ఎడ్వర్డ్. మన సినిమాల్లో హీరోయిన్ మొదటిసారి కనిపించే పద్ధతి ఇది: మెల్లగా నడక, ఎగిరే జుట్టు, కళ్లు తిప్పుకోలేని హీరో. ఇక్కడ చూసేది అమ్మాయి, చూడబడేది అబ్బాయి. కెమెరా ఆ అమ్మాయి పక్షాన నిలబడింది. కోట్లమంది పిల్లలు ఈ సినిమాను తమదనుకోవడానికి ఇది పెద్ద కారణమని నా నమ్మకం. బెల్లాగా చేసిన క్రిస్టెన్ స్టూవర్ట్‌కు నటన రాదన్నవాళ్లు ఆ తర్వాత 'స్పెన్సర్'కు ఆమె ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లడం చూశారు. ఆ తడబాటు, ఆ మధ్యలో ఆగిపోయే మాటలు ఆమె కావాలని చేసినవే. పదిహేడేళ్లకు నోటిలోంచి వాక్యం పూర్తిగా వచ్చే పిల్లలు ఎంతమంది?

రెండో కారణం ఎడ్వర్డ్. 1918లో షికాగోలో స్పానిష్ ఫ్లూతో చావబోతూ పదిహేడేళ్ల దగ్గర ఆగిపోయినవాడు. బెల్లా రక్తం కోసం ప్రాణం లాగుతున్నా తనను తాను బిగబట్టుకుంటాడు. నాకు దూరంగా ఉండమని సగం సినిమా అతనే చెబుతాడు. ముద్దు దగ్గర గోడకు కొట్టుకునేంత వేగంగా వెనక్కి తగ్గేది అతను. ఆడపిల్లలకు ప్రమాదం ఎట్నుంచి వస్తుందో చిన్నప్పటి నుంచీ నేర్పే లోకంలో, కోరిక ఉండీ ఆగగలిగిన మగవాడు ఎంత పెద్ద ఊరటో మగ విమర్శకులకు అందలేదు. అమ్మాయికి ఎంత ఇష్టమైతే అంత కోరుకోవచ్చు, ఆగే బాధ్యత అవతలివాడిది. బయట లోకంలో ఎప్పుడూ తిరగేసి ఉండే లెక్క ఇది. ఈ ఆకర్షణను నేను తీసిపారేయలేను.

నా గొడవ సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది.

ముద్దు సీనుకు ముందు బెల్లా గదిలో ఎడ్వర్డ్ ప్రత్యక్షమవుతాడు. ఎలా వచ్చావంటే కిటికీలోంచి అంటాడు. ఇలా తరచూ వస్తుంటావా అని అడిగితే, ఓ రెండు నెలలుగా వస్తున్నానని, ఆమె నిద్రపోతుంటే చూడటం తనకు ఇష్టమని చెబుతాడు. ఆమె ముఖంలో కోపం లేదు, భయం లేదు, కనీసం ఆలోచన లేదు. సీను నేరుగా ముద్దులోకి జారుకుంటుంది. రెండు నెలల రాత్రులు తనకు తెలియకుండా ఒకడు తన మంచం పక్కన నిలబడ్డాడన్న సంగతిని సినిమా ఒక తీపి కబురులా వినిపించి ముందుకు పోయింది.

తాకలేదు కదా, కాబట్టి తప్పు లేదు. కథ నడిపే వాదన ఇది. అతని నిగ్రహమే అతనికి అనుమతి పత్రం అయిపోయింది. ఆగగలిగినవాడు కాబట్టి ఎక్కడికైనా రావచ్చు, ఎంతసేపైనా చూడవచ్చు. పోర్ట్ ఏంజెలిస్ అనే ఊళ్లో తాగుబోతుల గుంపు బెల్లాను చుట్టుముట్టినప్పుడు అతను కారేసుకొచ్చి కాపాడతాడు. కాపాడగలిగాడంటే ఆమె వెంట ఉన్నాడు కాబట్టే. వెంటపడటానికి కాపలా అని పేరు పెట్టడం ఇంత నున్నగా జరిగిపోతుంది. ఎండలో మెరిసే చర్మాన్ని చూసి నవ్వినవాళ్లలో చాలామంది దీని దగ్గర ఆగలేదు.

నేను ఆగడానికి కారణం మా ఊరు. ఈ సినిమా అమెరికాలో ఆడుతున్న 2008 డిసెంబరులోనే వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. అందులో ఒక అమ్మాయి వెంట చాలాకాలంగా ఒకడు పడుతున్నాడు, ఆమె కాదంది. ఆ చలికాలం మా క్లాసుల్లో ఆడపిల్లలు గుంపులుగా తప్ప బస్టాండుకు వెళ్లేవాళ్లు కాదు. తల్లిదండ్రులు కొందరు చదువే మాన్పించేస్తామన్నారు. ఆడపిల్ల వెంటపడటాన్ని విడిగా నేరమని మన చట్టం రాసుకున్నది 2013లో, నిర్భయ తర్వాత. అంతకుముందు దాన్ని మన సినిమాలు ప్రేమలో మొదటి మెట్టుగా చూపిస్తూ వచ్చాయి. ఎడ్వర్డ్ అలాంటి హీరో కాదు, ఒప్పుకుంటాను. కాదంటే పగబట్టేవాడు కాదు. కానీ తెలియకుండా చూస్తూ ఉండటం ప్రేమకు గుర్తు అని పదిహేనేళ్ల పిల్ల మనసులో పడితే, రేపు ఆ పని ఎవడు చేసినా ఆమెకు ముందు గుర్తొచ్చేది ఎడ్వర్డ్ ముఖం.

బెల్లా తండ్రి చార్లీని చూస్తే ఈ లోపం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. బిల్లీ బర్క్ చేసిన ఆ పోలీసు చీఫ్ పాత్ర నాకు ఈ సినిమాలో అన్నిటికంటే ఇష్టం. కూతురితో ఏం మాట్లాడాలో తెలియని మనిషి. ఆమె పాత ఎర్ర ట్రక్కుకు టైర్లు అరిగిపోయాయని ఒక మాట కూడా అనకుండా కొత్తవి వేయించి, తర్వాత యథాలాపంగా చెబుతాడు. మన ఇళ్లలో ఇలాంటి నాన్నలు ఎంతమంది! ఊళ్లో హత్యలు జరుగుతుంటే కూతురి చేతిలో పెప్పర్ స్ప్రే పెడతాడు. ఆ ఇంట్లోనే పై గదిలోకి రాత్రిపూట ఎవరో వచ్చిపోతున్నారని ఆయనకు తెలియదు. తర్వాత, తనను వేటాడుతున్న జేమ్స్ అనే వాంపైర్ నుంచి తండ్రిని తప్పించడానికి బెల్లా ఆయనతో దెబ్బలాడి ఇల్లు వదులుతుంది. అప్పుడు ఆమె వాడేవి ఒకనాడు తన తల్లి చార్లీని వదిలిపోతూ అన్న మాటలే. ఆయన ముఖం చూడలేం. ఆయన్ని అంత పచ్చిగా గాయపరచి వచ్చినందుకు ఆమె కుమిలిపోతుంది. తండ్రి మనసు నొచ్చిందని గుర్తించగల సినిమా, కూతురి గది సంగతి దగ్గర కళ్లు మూసుకోవడం నాకు మింగుడుపడదు.

తక్కిన లోపాల గురించి ఎక్కువ చెప్పను. స్నేహితులు జెస్సికా, ఏంజెలా కథ సగమయ్యేసరికి ఎటో పోతారు. బెల్లాకు చదువు మీద, పని మీద ఒక్క కోరికా మిగలదు. క్విలియూట్ అనే ఆదివాసీ తెగవాళ్ల విషయం మాత్రం వదలకూడదు. కథ జరిగే ఫోర్క్స్ ఊరి పక్కనే లా పుష్ తీరంలో ఉన్న నిజమైన మనుషులు వాళ్లు. తోడేళ్ల నుంచి తాము పుట్టామన్న వాళ్ల పుట్టుక కథను తెచ్చి మేయర్ మనిషి తోడేళ్ల కథకు వాడుకుంది. పుస్తకాలు, సినిమాలు వేల కోట్లు సంపాదిస్తున్న ఆ ఏళ్లలోనే ఆ తెగ సునామీ ముప్పు ఉన్న ఒడ్డు నుంచి తమ బడిని ఎత్తుకు మార్చుకోవడానికి నిధుల కోసం ప్రయత్నిస్తూ ఉంది. కథ ఎవరిదో వాళ్లను అడగకుండా తీసుకోవడం కూడా అడగకుండా కిటికీలోంచి రావడం లాంటిదే.

పాత వాంపైర్ కథల్లో ఒక నియమం ఉంది. 1897లో బ్రామ్ స్టోకర్ రాసిన 'డ్రాక్యులా'లోనూ ఉంది: ఇంట్లోవాళ్లలో ఎవరో ఒకరు రమ్మనందే అతను మొదటిసారి గడప దాటలేడు. మన ఊళ్లలో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్న రోజులు గుర్తున్నవాళ్లకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. బయట నిలబడ్డ శక్తి ఎంత పెద్దదైనా, రానిచ్చే మాట లోపలివాళ్లది. భయం కథలు ఇంటి మనిషికి అట్టిపెట్టిన హక్కు అది. ఎండకు వాంపైర్ కాలిపోతాడన్న నమ్మకాన్ని మెరుపుగా మార్చినందుకు మేయర్‌ను లోకమంతా తప్పుబట్టింది. ఈ గడప నియమాన్ని చెరిపేసినందుకు తప్పుబట్టినవాళ్లు నాకు కనపడలేదు.

అదే 2008లో స్వీడన్ నుంచి 'లెట్ ద రైట్ వన్ ఇన్' వచ్చింది. పన్నెండేళ్ల ఆస్కార్, పక్కింట్లోకి వచ్చిన వాంపైర్ పిల్ల ఏలీ. ఒకసారి ఏలీ గుమ్మంలో నిలబడి రమ్మంటావా అని అడుగుతుంది. రమ్మనకపోతే ఏమవుతుందో చూద్దామని ఆస్కార్ మాటతో కాకుండా ఊరికే చేత్తో సైగ చేస్తాడు. ఆమె లోపలికి అడుగేస్తుంది. కాసేపటికి ఒళ్లంతా, కళ్లలోంచి, తలలోంచి రక్తం కారుతుంది. ఆస్కార్ హడలిపోయి రావచ్చని అరుస్తాడు, ఆమెను వాటేసుకుంటాడు. అనుమతి అన్నది ప్రేమకథలో ఎంత ఉద్వేగం పుట్టించగలదో ఆ ఒక్క సీను చాలు. అది ప్రేమను చల్లార్చలేదు, ఇంకా దగ్గర చేసింది.

ఈ మాటలన్నీ నేను పిల్లలతో క్లాసు అయ్యాక మాట్లాడేదాన్ని. వాళ్లకు ఎడ్వర్డ్ మీద ఇష్టం పోగొట్టాలని కాదు, పోదు కూడా. ఆ గది సీనును మీరు తీస్తే ఎలా తీస్తారని అడిగేదాన్ని. ఒక అమ్మాయి, మంచి మార్కులు తెచ్చుకునే పిల్ల, కిటికీ బయట కొమ్మ మీద ఎడ్వర్డ్ కూర్చుని ఉండాలి, బెల్లాకు నిద్రపట్టక లేచి తనే చూడాలి, చాలాసేపు ఇద్దరూ ఏమీ అనకుండా ఉండాలి, అప్పుడు ఆమె గడియ తీయాలి అంది. వెనక బెంచీలోంచి ఇంకొకతె లేచి, అంత మర్యాదగా అడిగి వస్తే వాంపైర్ ఎందుకు మేడమ్, మామూలు అబ్బాయి చాలదా అని వాదానికి దిగింది. మొదటి పిల్ల తగ్గలేదు. తీసేది బెల్లా అయితేనే తనకు భయం ఎక్కువ వేస్తుందని, ఎందుకంటే అప్పుడు ఏం జరిగినా అది తను ఎంచుకున్నదే అవుతుందని చెప్పింది.