మేఘం పనికిరాని చోట

క్రిందటి ఆషాఢంలో ఒక ఆదివారం హైదరాబాదులో మా యింటికి ఒక కుర్రాడు వచ్చాడు. పొట్టిగా కత్తిరించిన జుట్టు, నిటారు నడక. పోల్చుకోలేకపోయాను.

“నేనండీ మాష్టారూ, తెనాలి కాలేజీలో మీ శిష్యుణ్ణి!” అన్నాడు. ఇప్పుడు దుండిగల్ వైమానిక దళ అకాడమీలో విమానం నడపడం నేర్చుకుంటున్నాడట.

మా ఆవిడ పెసరట్లు వేసింది. నాలుగోది పూర్తయ్యాక గాని అసలు సంగతి బయటపడలేదు. తెనాలిలో ఒక అమ్మాయి ఉంది. ఆ అమ్మాయికి నేనొక మంచి ఉత్తరం చెప్పిపెట్టాలి.

“ఫోనుండగా ఉత్తరమేమిటోయ్?”

“ఫోను చేతికందేది కాసేపేనండీ. ‘తిన్నావా, పడుకున్నావా’ అనుకునేసరికే అయిపోతోంది.”

తెలుగు మాష్టారికి ఇంతకన్న ఏం కావాలి? కాళిదాసు యక్షుణ్ణి పట్టుకొచ్చాను. ఏడాది శాపం, రామగిరి, ఆషాఢమేఘం, అలకాపురికి సందేశం! “నీదీ అదే అవస్థ. మేఘంతో మొదలుపెట్టు” అన్నాను.

కుర్రాడు నవ్వేశాడు. “మేఘం కిందికి దిగితే ఆ పూట మాకు ఎగరడమే ఉండదండీ. మబ్బు కనపడితే తిట్టుకుంటాం!”

నా సాహిత్యం అక్కడ ఆగింది. అతని కథ మొదలైంది.

1971లో ప్రారంభమైన ఆ అకాడమీలో, 2013 నుంచి తొలిపాఠాలు స్విట్జర్లాండువారి పిలాటస్ విమానం మీద. ముందు సీటులో శిష్యుడు, వెనక సీటులో గురువు. గురువుకు నమ్మకం కుదిరిన రోజున వెనక సీటు ఖాళీ. శిష్యుడు ఒంటరిగా ఎగిరి, ఒంటరిగా దిగాలి. మావాడికి ఆ దిగడమే కుదరడం లేదు. ఇంకొక్క పరీక్ష ఉంది. అదీ తప్పితే విమానం ఆశ వదులుకోవలసిందే.

“ఆ అమ్మాయికి చెప్పావా?”

“లేదండీ. బెంగపెట్టుకుంటుందని, అంతా బ్రహ్మాండంగా ఉందంటున్నాను.”

“అయితే ఆ పిల్ల రోజూ ఎవరో ధీరుడితో మాట్లాడుతోందన్నమాట. నీతో మాట్లాడేదెప్పుడు?”

కుర్రాడు తలవంచుకున్నాడు. కాగితం, కలం ఇచ్చి నేను లోపలికి వెళ్ళాను. గంట తర్వాత చూస్తే ఒక్క పేజీ, నిండా కొట్టివేతలు. దిద్దుదామని చెయ్యి చాచి, ఊరుకున్నాను.

పదిరోజులకు జవాబొచ్చింది. అమ్మాయీ దాచింది! ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. రెండు పెళ్ళిచూపులు కూడా అయ్యాయి. శిక్షణలో ఉండగా పెళ్ళి కూడదు. చేసుకుంటే పంపించివేసి, అయిన ఖర్చంతా కట్టమంటారు. ఆ సంగతి తెలిసి, తొందరపెట్టలేక, పైన ఎగిరేవాడి మనసు చెదరగొట్టడం ఇష్టంలేక, తనూ “అంతా బాగుంది” అంటూ వచ్చిందట.

ప్రేమకొద్దీ ఇద్దరూ దాచుకున్నారు. ఆ దాపరికం ఇంకొన్నాళ్ళు సాగితే అమ్మాయి మెడలో ఎవరో తాళి కట్టి ఉండును.

కుర్రాడు వెంటనే తండ్రిని వాళ్ళింటికి పంపించాడు. అమ్మాయి తండ్రి, “శిక్షణ పూర్తికానివ్వండి, చూద్దాం” అన్నారట. అవునన్నట్టా, కాదన్నట్టా? ఏమైనా పెళ్ళిచూపులు మాత్రం ఆగాయి.

పరీక్ష గట్టెక్కింది. మరునాటి సాయంత్రమే ఫోను. “మాష్టారూ, వెనక సీటు ఖాళీ! నేనే దింపాను!”

“అమ్మాయికి చెప్పావా?”

“ముందు తనకేనండీ.”

ఈ వైనమంతా చెబితే మా ఆవిడ విని, “శిష్యులకు బాగానే చెబుతారు. మొన్న డాక్టరుగారు మీతో ఏమన్నారు?” అంది.

నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను.