మంచం పక్కన కూర్చునేది ఎవరు?



ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా వార్డుల్లో తిరుగుతూ ఒక సంగతి గమనించాను. భర్తకు జబ్బు చేస్తే మంచం పక్కన కూర్చునేది భార్య. భార్యకు జబ్బు చేస్తే కూర్చునేది చాలాసార్లు ఆమె తల్లో, చెల్లెలో. "మీ ఆయన ఏరమ్మా?" అని అడిగితే, "ఆయనకు ఇవన్నీ చేతగావు సిస్టర్" అని ఆమే సర్దిచెబుతుంది. జబ్బులోనూ ఆరోగ్యంలోనూ విడిచిపెట్టనని సంఘం ఎదుట ప్రమాణం చేసింది ఇద్దరూ. మోసేది మాత్రం ఒకరే.

మన కుటుంబ కూడికల్లో "ఒకరి నుండి ఒకరు ఎక్కువ ఆశించకండి" అని చెబుతుంటారు. మంచి మాటే. అయితే ఏ ఆశను వదలాలో, దేన్ని వదలకూడదో విడదీసి చెప్పకపోతే, వదులుకోవడం ఎప్పుడూ భార్య వంతే అవుతుంది.

వదలవలసినవి ముందు చెబుతాను.

మొదటిది, మగబిడ్డను కనలేదని భార్యను నిందించడం. తల్లి నుంచి బిడ్డకు వచ్చేది ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే. తండ్రి నుంచి ఎక్స్ వస్తే ఆడపిల్ల, వై వస్తే మగపిల్లవాడు. అందులో తండ్రి తప్పు కూడా ఏమీ లేదు, అది ఎవరి చేతిలోనూ లేదు. స్కానింగులో ఆడో మగో చెప్పమని అడగడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం.

రెండవది, పిల్లలు కలగకపోతే లోపం భార్యదే అనుకోవడం. భర్త వైపు కారణం ఉండటం కూడా మామూలే. వీర్య పరీక్ష తేలికైనది, కోత లేదు, నొప్పి లేదు. భార్యను ఒంటరిగా ఆసుపత్రుల చుట్టూ తిప్పకుండా, మొదటి రోజే ఇద్దరూ కలిసి రండి.

మూడవది ఆడవారికి. కువైట్ పోయిన బావ ఇల్లు కట్టాడు, ప్రొద్దుటూరులో బంగారు కొన్నాడు, నువ్వేం చేశావని భర్తను దెప్పడం. పులివెందుల వైపు చీనీ తోట పెట్టుకున్నవానికి ధర పడిపోతే అది అతని సోమరితనం కాదు. అప్పుల దిగులుతో నిద్రపట్టని మగవాళ్లను, బి.పి. పెరిగి వచ్చినవాళ్లను ఎందరినో చూశాను. ఇంట్లో పోలికలు ఆ దిగులును ఇంకా పెంచుతాయి.

నాలుగవది నా సొంత తప్పు. పెండ్లయిన కొత్తలో నైట్ డ్యూటీ చేసి ఇంటికి వస్తే అంట్లు అలాగే ఉండేవి. నేను అలసిపోయానని ఆయనకు తెలియదా అని లోపల కుమిలి, రెండేసి రోజులు మాట్లాడేదాన్ని కాదు. ఒకరోజు నోరు తెరిచి అడిగాను. "చెబితే కదా తెలిసేది" అన్నారు. మర్నాటి నుంచి నేను వచ్చేసరికి అంట్లు కడిగి, అన్నం, పప్పు చేసిపెట్టేవారు. పప్పులో ఉప్పు ఎక్కువయ్యేది. ఆ సంగతి మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

ఇక వదలకూడనివి. చెయ్యి చేసుకోకూడదు, మోసం చేయకూడదు, సంపాదనంతా తాగుడుకు పోయకూడదు, ఇంట్లో అందరితోపాటు తనకూ తిండి, మందు, విశ్రాంతి ఉండాలి. వీటిని కోరుకోవడం అత్యాశ కాదు. దెబ్బలు తిని వచ్చి "బాత్‌రూంలో జారిపడ్డాను" అని చెప్పే అక్కచెల్లెండ్రకు కట్లు కట్టాను. అలాంటివారితో "ఇంకా ఓర్చుకో, ప్రార్థన చెయ్యి" అని మాత్రమే చెప్పి పంపడం ప్రేమ కాదు. ప్రార్థన చేద్దాం, దానితోపాటు రక్షణ కూడా చూపిద్దాం. గృహహింస నుంచి మహిళలను కాపాడటానికి 2005 చట్టం ఉంది, సహాయానికి 181 నంబరు ఉంది. తాగుడుకు బానిస కావడం వైద్యం చేయించవలసిన జబ్బు, భార్య సహనం ఒక్కటే దానికి మందు కాదు.

ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయం పెండ్లిలో తప్పక వింటాం. భార్య లోబడాలన్న మాట అందరికీ గుర్తుంటుంది. క్రీస్తు సంఘం కోసం తన ప్రాణం ఇచ్చినట్టు భర్త భార్యను ప్రేమించాలని అక్కడే ఉంది. ఆ రెండింటిలో భర్త మీద పెట్టిన బరువే పెద్దదని నా అభిప్రాయం.

మన పాస్టర్లకు, సంఘ పెద్దలకు ఒక మనవి. పెండ్లికి ముందు చర్చిలో ప్రకటనలు చదివే ఆ ఆదివారాల్లో వధూవరులను కూర్చోబెట్టి, ఒకరి నుంచి ఒకరు ఏమి ఆశిస్తున్నారో కాగితం మీద రాయించండి. ఏది న్యాయమో, ఏది కాదో అప్పుడే మాట్లాడుకుంటారు.

సహోదరులారా, మీ భార్య ఆసుపత్రిలో చేరితే ఒక్క రాత్రయినా మంచం పక్కన కూర్చోండి. చేతగాని పని ఏమీ లేదు. మందు ఎప్పుడు వేయాలో, జావ ఎలా తాగించాలో మా సిస్టర్లు నేర్పిస్తారు.

దేవుడు మీ కుటుంబాలను దీవించును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్