తవ్వకం కొన్నేళ్లు, కాపలా వేల ఏళ్లు

దేవరకొండ: నాగార్జునసాగర్ జలాశయం సమీపాన ఉన్న లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతంలో యురేనియం తవ్వాలన్న పథకం ఇరవై ఏళ్లకు పైగా కాగితాల మీదనే ఉన్నది. ఒక ఓపెన్‌కాస్టు గని, మూడు భూగర్భ గనులు తెరవాలని ప్రభుత్వ రంగ సంస్థ యురేనియం కార్పొరేషన్ ప్రతిపాదించింది. 2003 ఆగస్టులో పెద్దగట్టులో జరిగిన బహిరంగ విచారణలో ప్రజలు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. శుద్ధి కర్మాగారాన్ని మొదట మల్లాపురం వద్ద తలపెట్టారు. హైదరాబాద్‌కు మంచినీరిచ్చే అక్కంపల్లి జలాశయం దగ్గరలోనే ఉన్నదని అభ్యంతరాలు రాగా శేరిపల్లికి మార్చారు. 2005లో పర్యావరణ అనుమతి వచ్చినా గని తెరుచుకోలేదు. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తెలంగాణ శాసనసభ 2019 సెప్టెంబరులో తీర్మానించింది.

అయితే ఖనిజం భూమిలోనే ఉన్నది. అణు విద్యుత్తుకు యురేనియం కావాలన్న మాటలోనూ నిజం ఉన్నది. కనుక సమస్య ముగిసిపోయిందనుకోవడం తొందరపాటే. ఇలాంటి గని వస్తుందంటే ఎందరికి ఉద్యోగాలు, ఎకరానికి ఎంత పరిహారం అన్న లెక్కలే ముందుగా వినబడతాయి. గని మూసిననాడు ఏం మిగులుతుంది, దాన్ని ఎవరు చూసుకుంటారు అన్నది ఎవరూ ఎత్తరు. అసలు అడగవలసింది అదే.

బియ్యం తక్కువ, పొట్టు ఎక్కువ

సింగరేణి ఓపెన్‌కాస్టు గనులు చూసినవారికి పద్ధతి తెలుసు. పైమట్టి, బండలు తీసి గుట్టలుగా పోస్తారు. గుంట లోతుకు పోయేకొద్దీ ఊట నీళ్లు దిగుతాయి. వాటిని రాత్రింబవళ్లు తోడాలి. దానితో చుట్టుపక్కల బావుల్లో నీటిమట్టం తగ్గే ప్రమాదం ఉంటుంది.

బొగ్గుకు, యురేనియానికి తేడా ఆ తర్వాత వస్తుంది. బొగ్గును తీసింది తీసినట్లు లారీకి ఎత్తవచ్చు. మన దేశంలో దొరికే యురేనియం రాయిలో టన్నుకు సాధారణంగా కిలో యురేనియం కూడా ఉండదు. రాయిని పిండి చేసి, ఆమ్లంతోనో క్షారంతోనో కరిగించి ఆ కొద్దిపాటి లోహాన్ని తీస్తారు. మిగిలినదంతా బురదగా చెరువులోకి పోతుంది. వడ్లు మర పట్టిస్తే బియ్యం ఎక్కువ, పొట్టు తక్కువ. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. రాతిలోని రేడియోధార్మిక శక్తిలో నూటికి 85 వంతుల దాకా ఆ బురదలోనే ఉండిపోతుంది. అందులోని రేడియం సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. అందులో ఉండే ఒక రకం థోరియానికైతే 75 వేల ఏళ్లు.

ఆస్ట్రేలియాలో జరిగింది

ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలోని రేంజర్ ప్రపంచంలోని పెద్ద ఓపెన్‌కాస్టు యురేనియం గనులలో ఒకటి. దాని చుట్టూ కకడు జాతీయ వనం ఉన్నది. ఆ భూమి మిరార్ అనే ఆదివాసులది. తమ భూమిలో గని వద్దనే హక్కును 1976 చట్టం ఆదివాసులకు ఇచ్చింది. రేంజర్‌కు మాత్రం ఆ హక్కు వర్తించదని అదే చట్టంలో రాశారు. 1980లో మొదలైన తవ్వకం 2012లో ఆగింది. శుద్ధి 2021 జనవరిలో ఆగింది. లక్షా 30 వేల టన్నులకు పైగా యురేనియం ఆక్సైడ్ వచ్చింది.

2004లో కర్మాగారం నీళ్లు మంచినీటి గొట్టాల్లో కలిసి కార్మికులు ఆ నీళ్లే తాగారు, స్నానం చేశారు. కంపెనీకి కోర్టు జరిమానా విధించింది. 2013 డిసెంబరులో ఆమ్లపు బురద తొట్టి పగిలింది. బురదను 10 వేల ఏళ్లపాటు బయటికి రాకుండా భద్రపరచాలని ప్రభుత్వం షరతు పెట్టింది. గుంటలు పూడ్చి నేలను బాగుచేయడానికి వంద కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల లోపే చాలనుకున్నారు. 2022లో కంపెనీయే దాన్ని 160 నుంచి 220 కోట్లకు పెంచింది. 2026 జనవరికి ముగియవలసిన పనికి గడువు చాలలేదు. పార్లమెంటు చట్టం మార్చి గడువు పెంచవలసి వచ్చింది. ధనిక దేశంలో, గట్టి నిఘా ఉన్నచోట జరిగిన సంగతి ఇది.

మన దగ్గర

అంత దూరం పోనక్కరలేదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో 2012లో భూగర్భ గని ప్రారంభమైంది. వ్యర్థాల చెరువు దాపున తమ బోర్ల నీళ్లు చెడిపోయాయని, పంటలు దెబ్బతిన్నాయని అక్కడి రైతులు ఫిర్యాదు చేశారు. తమ వల్ల కాదని సంస్థ అన్నది. గనికి ముందు ఆ బోరులో నీళ్లు ఎలా ఉండేవో చూపే కాగితం రైతు చేతిలో లేకపోతే ఇలాంటి వాదనకు తెగుదల ఉండదు.

నీళ్లు చెడితే ఎముకలకు ఏమవుతుందో ఫ్లోరైడ్ బారిన పడిన నల్లగొండ జిల్లాకు ఎవరూ చెప్పనక్కరలేదు. పైగా అణు ఖనిజాల గనులకు బహిరంగ విచారణ నుంచి మినహాయింపు ఇస్తూ కేంద్ర పర్యావరణ శాఖ 2025 సెప్టెంబరులో ఉత్తర్వు జారీ చేసింది. 2003లో పెద్దగట్టు ప్రజలు తమ మాట చెప్పుకున్నది అలాంటి విచారణలోనే.

కనుక గని వచ్చినా రాకున్నా, ఈ ప్రాంతపు గ్రామ పంచాయతీలు బావులు, బోర్ల నీటిని ఇప్పుడే పరీక్ష చేయించి నివేదికలను దఫ్తరులో భద్రపరచడం మంచిది. గని మాట మళ్లీ వస్తే, బురద చెరువు ఎక్కడ, మూసివేత ఖర్చును ముందే డిపాజిట్ చేస్తారా, సంస్థ వెళ్లిపోయాక కాపలా ఎవరిది అన్న మూడింటికి రాతమూలకంగా జవాబు కోరాలి. ఉద్యోగాల సంఖ్య, పరిహారం లెక్క ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.