బెట్టు కాదవ్వా, బెట్!

మొన్న ఆదివారం పొద్దున్నే మా వీధి చివరి ఇంటి అవ్వ వచ్చి అరుగు మీద కూర్చుంది. గుట్ట మీది స్వామికి దండం పెట్టుకుని అటునుంచి అటే మా ఇంటికి వచ్చినట్టుంది. నొసట బొట్టు ఇంకా తడి ఆరలేదు. ఆమె మనుమడు మా కాలేజీలోనే డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. వారం రోజులుగా క్లాసుకు రావడం లేదు.

"సారూ, మా పోరడు బెట్టు బెట్టిండట. గా బెట్టుకే వాళ్లమ్మ పుస్తెలతాడు కుదువకు పోయింది. బెట్టు జేస్తే అన్నం మానేస్తరు గని, బంగారం పోతదా సారూ?" అని అడిగింది.

తెలుగు పంతులుకు ఇంతకన్న చిక్కు ప్రశ్న ఏముంటుంది? అవ్వకు తెలిసిన బెట్టు మన ఇంటి బెట్టు. పండక్కి వచ్చిన కొత్త అల్లుడు చేసేది. మనుమడు పెట్టినది ఇంగ్లీషు బెట్. సెల్‌ఫోనులో, క్రికెట్ ఆట మీద.

ఈ మాట 16వ శతాబ్ది చివర ఇంగ్లీషు రాతల్లో కనబడుతుంది. దాని పుట్టుక ఇదీ అని నిఘంటుకర్తలు తేల్చి చెప్పలేదు. 'అబెట్' అనే మాటలో మొదటి అక్షరం జారిపోగా మిగిలినదని కొందరి ఊహ. అబెట్ అంటే ఉసిగొల్పడం. పాత ఫ్రెంచిలో కుక్కను ఉసిగొల్పి కరిపించడమనే అర్థం నుంచి వచ్చింది. ఆ రోజుల్లో లండనులో ఎలుగుబంటిని గుంజకు కట్టి, దాని మీదికి కుక్కలను వదిలి, చుట్టూ చేరి వినోదం చూసేవారు. నేరానికి పురికొల్పడాన్ని న్యాయస్థానాల్లో ఇప్పటికీ ఆ 'అబెట్' తోనే చెబుతారు.

పందేనికి ఇంగ్లీషులో మరో మాట 'వేజర్'. దాని మూలం చూస్తే అవ్వ నోట వచ్చిన మాటే దొరుకుతుంది: కుదువ! పొలం తాకట్టుకు వాడే 'మార్ట్‌గేజ్' లో ఉన్న 'గేజ్' కూడా దీని చుట్టమే. మన 'పణం' సంగతీ అంతే. సంస్కృతంలో 'పణ్' ధాతువుకు బేరమాడటమనీ, జూదంలో ఒడ్డటమనీ రెండర్థాలు. అంగడికి 'ఆపణం' అని పేరు వచ్చినది అక్కడినుంచే. పందెం పక్కన ఎప్పుడూ ఒక దుకాణం ఉంటుందన్నమాట.

దూరం పోనక్కరలేదు. మన నల్గొండ సీమ నుంచి కృష్ణ దాటితే పల్నాడు. 12వ శతాబ్దిలో అక్కడ నాయకురాలు నాగమ్మ పక్షానికీ, బ్రహ్మనాయుడి పక్షానికీ కోడిపందెం జరిగిందని శ్రీనాథుడి పేర ఉన్న వీరచరిత్ర చెబుతుంది. పోట్లాడినవి కోళ్లు. ఓడిన పక్షం ఏడేళ్లు ఊరు విడిచి పోవలసి వచ్చింది. చివరకు కారంపూడిలో నెత్తురు పారింది.

ఇదంతా అవ్వకు చెప్పుకొచ్చాను. 2025 ఆగస్టులో పార్లమెంటు ఒక చట్టం చేసిందనీ, ఫోనుల్లో డబ్బు ఒడ్డి ఆడే ఆటలను అది నిషేధించిందనీ చెప్పాను. అందులో ఆడినవాడికి శిక్ష లేదు. ఆడించేవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. దానికి ప్రకటనలిచ్చేవాడికి రెండేళ్లు, 50 లక్షల దాకా. చట్టం కూడా ఉసిగొల్పేవాడినే పట్టుకోవాలని చూసింది కాబోలు.

అవ్వ అంతా విని, కొంగుతో మొహం తుడుచుకుంది.

"గంతే సారూ. కోడికి కత్తి గట్టినోనికి దెబ్బ తాకదు గద! నేను పొద్దుగాల్ల నుంచి కోడినే తిడుతున్న."

లేచి వెళ్లబోతూ వెనక్కి తిరిగింది. "జర మీరే వచ్చి వాన్ని పిలవరాదుండ్రి. మీకు మొహం జూపియ్యనీకి సిగ్గయితుందట."

సాయంత్రం వెళ్లాను. పిల్లవాడు తలుపు వెనక నిలుచున్నాడు. నేను పందెం ఊసెత్తలేదు. "రేపు వ్యాకరణం మొదలుపెడుతున్నానురా, రెండో గంట" అన్నాను. వాళ్లమ్మ టీ గ్లాసు చేతికిచ్చింది. మెడలో పసుపుతాడు ఉంది.

పుస్తెలతాడు ఇంకా షావుకారు దగ్గరే ఉంది. పిల్లవాడు మాత్రం సోమవారం క్లాసుకు వచ్చాడు. చివరి బెంచీలో కూర్చున్నాడు.