పేరు తెలియని సిపాయిలు

అమెరికా అంతర్యుద్ధం (1861–65) నాటి ఫొటో ఒకటుంది. ఉత్తరాది పక్షమైన యూనియన్ సైన్యం యూనిఫాంలో ఒక నల్లజాతి సిపాయి, పక్కన భార్య, ఒకేలాంటి కోట్లూ టోపీలూ వేసుకున్న ఇద్దరు ఆడపిల్లలు. అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరినప్పుడు నలుగురిలో ఒక్కరి పేరూ తెలియదు. మేరీలాండ్ రాష్ట్రంలోని సెసిల్ కౌంటీలో దొరికింది కాబట్టి, ఆ రాష్ట్రంలో కూర్చిన ఏడు నల్లజాతి రెజిమెంట్లలో ఏదో ఒకదానివాడై ఉండొచ్చని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు రాసిపెట్టారు. అంతకు మించి ఊహించలేదు. పాత ఫొటోలు కూడబెట్టే ప్రతివారికీ ఈ నిగ్రహం ఉండాలని నా కోరిక.

ఆ రోజుల్లో ఫొటో గాజు పలక మీద తీస్తే ఆంబ్రోటైప్, పల్చటి ఇనుపరేకు మీద తీస్తే టిన్‌టైప్. రెంటికీ విడిగా నెగటివ్ ఉండదు. తీసిందొక్కటే, పోతే పోయినట్టే. చెక్కిళ్లకు గులాబీ రంగు, గుండీలకు బంగారు రంగు చేత్తో అద్ది, మఖమల్ పరిచిన చిన్న పెట్టెలో బిగించి ఇచ్చేవారు. అద్దంలో చూసుకున్నట్టు కుడి ఎడమలు తారుమారవుతాయి గనక బెల్టు బిళ్ల మీది అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. కాగితం ఫొటో వెనక రెవెన్యూ స్టాంపు ఉందా, అది 1864 సెప్టెంబరుకూ 1866 ఆగస్టుకూ మధ్య అమ్ముడైనదన్నమాట. యుద్ధం ఖర్చులకని ఫొటోల మీదా పన్ను వేసిన కాలమది. ఇలాంటి గుర్తులు పట్టడంలో ఈ సేకరణ రుచి ఉంది. అయితే స్టూడియోవాళ్లే కత్తో పిస్తోలో చేతికిచ్చి తీసిన సందర్భాలూ ఉన్నాయి. కనిపించేదంతా సాక్ష్యం కాదు.

పేరు ఎంత విలువైనదో గెటిస్‌బర్గ్ చెబుతుంది. 1863 జూలైలో అక్కడ జరిగిన యుద్ధంలో చనిపోయిన ఒక సిపాయి చేతిలో ముగ్గురు పిల్లల ఆంబ్రోటైప్ దొరికింది. అతనెవరో చెప్పే కాగితం ఒంటి మీద లేదు. పత్రికల్లో ఫొటో అచ్చేసే వీలు అప్పటికింకా రాలేదు. అందుకని అక్టోబరు 19న ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ ఆ పిల్లల రూపురేఖల్ని, బట్టల్ని మాటల్లో వర్ణించి, వీళ్ల తండ్రి ఎవరని అడిగింది. మిగతా పత్రికలూ ఎత్తి రాశాయి. న్యూయార్క్ రాష్ట్రం పోర్ట్‌విల్‌లో ఉన్న ఫిలిండా హ్యూమిస్టన్‌కు ఆ వర్ణన తన పిల్లలదేమోనన్న అనుమానం వచ్చింది. ఫొటో నకలు తెప్పించుకు చూసింది. పిల్లలు ఆమె పిల్లలే. పోయినవాడు ఆమె భర్త, సార్జెంట్ ఆమోస్ హ్యూమిస్టన్.

తప్పు కథ తగిలిస్తే ఏమవుతుందో చెప్పడానికి మిసిసిపీ ఫొటో ఒక్కటి చాలు. బానిసత్వాన్ని కాపాడుకోవాలన్న దక్షిణాది కాన్ఫెడరేట్ సైన్యం దుస్తుల్లో, ఆయుధాలతో పక్కపక్కనే కూర్చున్న ఇద్దరు యువకులు: తెల్లవాడు ఆండ్రూ చాండ్లర్, నల్లవాడు సైలస్ చాండ్లర్. స్నేహితులు కలిసి యుద్ధానికి వెళ్లారని, నల్లవాళ్లు బానిసత్వం పక్షాన ఇష్టపడి పోరాడారని చెప్పడానికి దీన్ని ఏళ్ల తరబడి వాడుకున్నారు. సైలస్ సిపాయి కాడు, ఆండ్రూ కుటుంబానికి బానిస. సైలస్ చేతిలోని ఆయుధం చూపించి ఆయన బానిసత్వాన్నే చెరిపేశారు. పేరు తెలియకపోవడం కన్నా ఇది ఘోరం.

బజారులో పేరున్న ఫొటోకి ధర ఎక్కువ. ఆ ఆశే ఊహను నిజమని రాయిస్తుంది. 2018లో వర్జీనియా టెక్ పరిశోధకులు తెచ్చిన ‘సివిల్ వార్ ఫొటో స్లూత్’ అనే వెబ్‌సైట్ కంప్యూటర్‌తో ముఖాలు పోల్చి దగ్గరి పోలికలు చూపిస్తుంది. తేల్చాల్సింది మాత్రం మనిషే. గడ్డం ఒకేలా ఉన్నంత మాత్రాన ఇద్దరూ ఒకరే అయిపోరు కదా.

నగల వ్యాపారి టామ్ లిల్జెన్‌క్విస్ట్, ఆయన కొడుకులు తాము కొన్న దాదాపు 700 ఫొటోల్ని 2010లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఉచితంగా ఇచ్చేశారు. మేరీలాండ్ కుటుంబం ఫొటోతో సహా వాటిని ఇప్పుడు ఎవరైనా ఇంటర్నెట్‌లో చూడొచ్చు, దించుకోవచ్చు. అందరూ ఇచ్చెయ్యాలని అనను, సొమ్ము పెట్టి కొన్నవాళ్ల ఇష్టం. కానీ బీరువాలో పెట్టి తాళం వేసేముందు ముందూ వెనకా స్కాన్ చేసి నలుగురికీ కనబడేలా పెట్టమంటాను. ఏ ఊళ్లో, ఎవరి దగ్గర కొన్నారో రాసి ఉంచమంటాను. పెట్టె అడుగున మడిచిన చీటీ ఉంటే, చిరిగిపోయినదైనా సరే, పారెయ్యొద్దంటాను.