అట్టమీది అపస్వరము

పైన పటారము, లోన లొటారము అను సామెత మనమందఱము ఎఱిగినదే. ఇందుకు మాఱుగా లోన పటారమును పైన లొటారమును చూడగోరువారు శ్రావణమాసమున ఉరుకుందకు పోవలెను. ఈరన్నస్వామి జాతరకు ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతములనుండియు, కన్నడసీమనుండియు జనము తండోపతండములుగా వచ్చును. బొరుగులు, బత్తాసులు, గాజులు అమ్ము అంగళ్ల నడుమ పాటల అంగడి యొకటి యుండుట పరిపాటి. ఒకప్పుడు అచట క్యాసెట్లు వ్రేలాడెడివి. పిదప సీడీలు వచ్చినవి. నేడు వేయి పాటలు వ్రేలెడంత పెన్‌డ్రైవులో నిమిడిపోవుచున్నవి. కొన్నేండ్ల క్రిందట అట్టి యొక అంగడిలో త్యాగరాజస్వామివారి పంచరత్నకీర్తనల క్యాసెట్టును చూచి నిలువున నిలిచిపోతిమి. పాడినది పేరుపొందిన విద్వాంసుడు. అట్టమీద నున్నవో, మంచుకొండలు! కొండల క్రింద గులాబితోట, తోటలో హంసల జంట! తిరువయ్యారున కావేరి ఏనాడు గడ్డకట్టెనో మాకు బోధపడలేదు.

నవ్వుకొనుచు తక్కినవానిని తిరుగవేసితిమి. ఒక అట్టపై వైణికుడు ఎడమచేత మీటుచు కుడిచేత మెట్లు నొక్కుచుండెను. ఛాయాచిత్రమును అద్దములోని ప్రతిబింబమువలె త్రిప్పి అచ్చొత్తిరన్నమాట. మన వీణకు మెట్లు 24, తంత్రులు 7. కుండ కుడివైపు, యాళిముఖము ఎడమవైపు. ఈ మాత్రము తెలిసినవాడొక్కడు అచ్చుకూటములో నుండిన ఈ వింత జరుగదు. పనసకఱ్ఱను తొలిచి వీణను తీర్చు బొబ్బిలి పనివాడు దీనిని చూచిన ఏమనుకొనును? మఱొక అట్టపై అక్షరములు ముత్తుస్వామి దీక్షితులవి, బొమ్మ త్యాగరాజస్వామిది. ఇక 1997లో అన్నమయ్య చలనచిత్రము వచ్చిన పిదప, కొన్ని అట్టలపై తాళ్లపాకవారి వాగ్గేయకారునకు కథానాయకుని ముఖమును మీసమును సంక్రమించినవి. తిరుమల ఆలయమున సంకీర్తన భాండాగారము చెంత ఆ మహనీయుని రూపము శిలపై చెక్కియుండగా, అట్ట వేయువానికి వెండితెర మాత్రమే కనబడినది!

ఈ దోషము మనదొక్కరిదే యనుట న్యాయము కాదు. పాశ్చాత్యదేశములలోను సంగీతపు ప్లేట్లు మొదట అట్టముక్కల నడుమ బూడిదరంగు కాగితములో వచ్చెడివి. 1940 ప్రాంతమున అమెరికాలో కొలంబియా కంపెనీవారి చిత్రకారుడు అలెక్స్ స్టైన్‌వైస్ ఆ అట్టలపై బొమ్మలు వేయ మొదలిడెను. బొమ్మనుబట్టి ప్లేటు అమ్ముడగునని వ్యాపారులు నాడు గ్రహించిరి. ఆ తెలివి ముదిరి ముదిరి 1970 తరువాత వెస్ట్‌మిన్‌స్టర్ గోల్డ్ అను పేర, వారి సంగీతాచార్యుల కృతులకే వెకిలి బొమ్మలు తగిలించి అమ్ము స్థితికి వచ్చినది. అయితే వారు తెలిసి నవ్వించిరి. మనవారు తెలియక నవ్వులపాలగుచున్నారు. భేదమంతయు ఇక్కడనే యున్నది.

మన ప్లేట్లపై ఎక్కిన మొదటి వింత బొమ్మలలో నొకటి మనము వేసికొన్నది కూడ కాదు. లండనులో ఫ్రాన్సిస్ బరౌడ్ అను చిత్రకారుడు గతించిన నిప్పర్ అను కుక్కను తలచుకొని, అది యంత్రమునుండి వచ్చు యజమాని గొంతును చెవియొగ్గి వినుచున్నట్లు చిత్రించెను. 1899లో గ్రామఫోను కంపెనీవారు దానిని కొనిరి. అదియే 'హిజ్ మాస్టర్స్ వాయిస్', అనగా దొరవారి గొంతు. రాజాస్థానమునకు రమ్మన్న పిలుపును త్రోసిపుచ్చెనని మనము కథలుగా చెప్పుకొను త్యాగయ్య కృతులపై, దొరగారి గొంతునకు చెవులు నిక్కించిన కుక్క! మనవారు కోపగించుకొనలేదు, 'కుక్కబొమ్మ ప్లేటు' అని ముద్దుగా పిలుచుకొనిరి. 1947లో దొరలు వెడలిపోయిరి. కుక్క మాత్రము మఱి కొన్ని దశాబ్దములు మన ప్లేట్లపై కదలక కూర్చుండెను. ఆ కంపెనీ తన పేరును సరిగమ యని మార్చుకొన్నది 2000లో.

నవ్వి ఊరకొనరాదా, అట్ట చెడినంతమాత్రాన పాట చెడునా యని చదువరులు అడుగవచ్చును. మద్రాసులోనో బెజవాడలోనో నివసించువారికి ఈ ప్రశ్న చెల్లును. వారికి సభలున్నవి, కచేరీలున్నవి, ప్రక్కన కూర్చుండి ఇది ఖరహరప్రియ యని చెవిలో చెప్పు రసికులున్నారు. మా సీమలో కచేరీ యన్నది ఏటికొకటి జరిగిన గొప్ప. మంత్రాలయమునకు పోయినప్పుడు దాసుల పదములు చెవినబడును. తక్కిన నాళ్లలో క్యాసెట్టే కచేరీ. రాగమేదో, తాళమేదో, వాగ్గేయకారుడెవరో, ఫిడేలు ఎవరిదో చెప్పవలసినది ఆ నాలుగంగుళముల కాగితమే. పల్లెటూరి సంగీతాభిమానికి అదియే గురువు, అదియే గ్రంథాలయము. ఆ గురువే దీక్షితులను చూపి త్యాగరాజని చెప్పిన, శిష్యుడు ఎవరిని పోయి అడుగవలెను?

అంతకంటె బాధాకరమైన విషయము మఱొకటి కలదు. ఆ జాతరలోనే మా యెఱుకలోని వృద్ధ మార్దంగికుడొకరు కనబడిరి. మేము నవ్వుచుండుట చూచి ఆయన అదే అంగడినుండి ఒక క్యాసెట్టు తీసి మా చేతికిచ్చిరి. అందలి మృదంగము ఆయనదే. అట్టపై మృదంగమును డోలువలె నిలువుగా నిలిపి, దానిపై ఒక పిల్లనగ్రోవిని అడ్డముగా పెట్టి, చుట్టును తామరపూలు చల్లిరి. ఆయన పేరు ఎచ్చటను లేదు. "చూడు వకీలుసామీ, పూలకు చోటుంది, నా పేరుకే చోటు లేదు" అని నవ్విరి. ఆ నవ్వులో మేము పాలుగొనలేకపోతిమి. నలువదియేండ్ల సాధన ఆ చేతులలో నుండెను. ఆ సంగతిని లోకమునకు తెలుపగల కాగితము ఒక్కటే. దానిని తామరపూలు ఆక్రమించినవి.

ఇక శాసనము మాట. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1984లో చేర్చిన 52-ఎ విభాగము ప్రకారము ధ్వనిముద్రణపైనను, దాని పెట్టెపైనను తయారు చేసినవారి పేరు, చిరునామా, హక్కుదారుని పేరు, చిరునామా, మొదట ప్రకటించిన సంవత్సరము ఉండితీరవలెను. కంపెనీ పేరు ఉండవలెనట! పాడినవాని పేరు, వాయించినవాని పేరు ఉండవలెనని ఆ విభాగము అడుగలేదు. 2012లో చేర్చిన 38-బి విభాగము మాత్రము, ఈ ప్రదర్శన నాది యని గుర్తింపబడు హక్కును కళాకారునకు ఇచ్చినది. ఉపయోగించు తీరునుబట్టి పేరు విడువక తప్పని తావులలో విడువవచ్చునని మినహాయింపు కూడ ఉన్నది. నాలుగంగుళముల అట్టపై తామరపూలకు చోటుండగా పేరునకు చోటు లేదనుట ఆ మినహాయింపులో చేరునని ఏ న్యాయవాదియు వాదింపజాలడు. కాని హక్కు కాగితముపై నుండిన చాలదు, అడుగువాడు ఉండవలెను. పల్లె మార్దంగికుడు పట్టణపు కంపెనీపై వ్యాజ్యము వేయునా?

కావున అడుగవలసినవారము వినువారమే. సెల్‌ఫోను తెరపై అట్ట గోరంత బొమ్మగా కుంచించుకొనిపోయిన ఈ కాలమున ఈ పని మఱింత అవసరము. మా కోరికలు మూడు. ప్రతి సంగీతముద్రణకును గాయకునితోపాటు పక్కవాద్యములవారి పేర్లు చేర్చవలెను. కృతి ప్రక్కన రాగతాళములను, వాగ్గేయకారుని పేరును తప్పులేక వ్రాయవలెను. అట్టపై బొమ్మ వేయుటకు ముందు సంగీతము తెలిసినవాని కొకమాఱు చూపవలెను. ఇందు వేనికిని లక్షలు ఖర్చు కావు. సభలవారును, గ్రంథాలయములవారును తమయొద్దనున్న పాత క్యాసెట్లను తీసి, పెద్దలు బ్రతికియుండగనే వాయించినదెవరో అడిగి, ఆ పేర్లను ఒక పుస్తకమున వ్రాసి యుంచుట మఱియు మేలు.

మంచుకొండలకు నవ్వుదము, హంసలకు నవ్వుదము, నవ్వు ఆరోగ్యకరము. కాని కుక్కబొమ్మను చూచి పేరు గుర్తుంచుకొన్న జాతి, మృదంగము వాయించిన మనిషి పేరును మఱచిపోయిన ఆ నవ్వు మనకే తగులును.