పనికిఁ బేరు

మా దబీర్‌పురా పేరులోని దబీరను పారసీకపదమునకు లేఖకుఁడని యర్థము. వ్రాఁతక్రింద చేవ్రాలుంచవచ్చును, కుట్టుక్రింద నెవరుంతురు? మా పాతబస్తీ యిండ్లలో స్త్రీలు చట్రమునకు బట్ట బిగించి జరీతోఁ బూలు తీర్తురు. ఈ జర్దోజీనే మనవారు మగ్గముపని యందురు. దళారి కూలి లెక్కగట్టి యిచ్చును. చీర యంగడి చేరును. చేసినయామె పేరు గడప దాఁటదు. కొనువారెవరో యెఱుఁగనందున ధర నిర్ణయించుటయు నామె చేతిలో లేదు.

హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళికసూచిక గుర్తింపు లభించినది. ఊరి పేరును చట్టము కాపాడును. చేతి పేరును మనమే నిలుపుకొనవలెను. అందులకు ఫోను చాలును. ఇన్‌స్టాగ్రామునందుఁ బని బొమ్మలు చూపవచ్చును. 2018లో వెలువడిన వాట్సాప్ బిజినెస్సునందు వస్తువుల పట్టికను ధరలతో నుంచవచ్చును. చదువుకొన్న యువతులు లింక్డిన్‌నందుఁ దమ యనుభవమును దెలిపి, తోడి వృత్తివారి పరిచయము సంపాదింపవచ్చును.

చూపునపుడు కుట్టు వెనుకవైపునుగూడఁ జూపుఁడు. నేర్పు తెలిసినవారు దానినే చూతురు. బట్ట యేది, పట్టిన దినములెన్ని, ధర యెంత యనునవి దాఁచక వ్రాయుఁడు. అమ్మకమే కాక, జరీబట్ట భద్రపఱచు విధము వంటి తెలిసిన విషయమును నలుగురికిఁ జెప్పుఁడు. నమ్మక మట్లే పెరుగును. పరుల నమూనాను మీదిగాఁ జూపరాదు. అనుమతి లేక పెండ్లికూఁతురి బొమ్మను బెట్టరాదు.

“ఇంటి పేరు బజారున కెక్కదా?” యని పెద్దలు శంకింతురు. ఆ భయమును మేము తేలికగాఁ దీసివేయము. కాని పేరు పనికిఁ గావలెను. ముఖము చూప నక్కఱ లేదు. చేతులును, సూదియు, బట్టయుఁ గనఁబడినఁ జాలును. ఇంటి చిరునామాను నలుగురు చూచుచోట నుంపక, వ్యాపారమునకు వేఱొక సంఖ్య నుంచుకొనుఁడు.

సొమ్మువిషయమున నొక మాట. యూపీఐలో డబ్బు పంపుటకే పిన్ను నొక్కవలెను. పుచ్చుకొనుట కక్కఱ లేదు. “మీకు డబ్బు వచ్చును, పిన్ను నొక్కుఁడు” అన్నవాఁడు మోసగాఁడే. మోసము జరిగినచో సిగ్గుపడి దాఁచక, వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయుఁడు. ఆలస్యమైనకొలఁది సొమ్ము చేయి దాఁటిపోవును.

తొలి నెలలోనే బేరములు రాకపోవచ్చును. వారమున కొక్క పనినైనఁ జూపుచుండుఁడు. చీర మడతలో మఱుఁగుపడిన పేరు, కొన్నవారి నోట వినఁబడు దినము వచ్చును. నాఁడు ధర చెప్పునది దళారి కాదు, మీరే.